లక్కతో లేచిన సొట్ట

మస్తానూ,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ మాచర్ల సంతలో బండెద్దు కొమ్ము తగిలి నా అంబాసిడర్ తలుపుకు సొట్ట పడింది. షెడ్డులో సుత్తితో కొట్టి రంగు వేస్తామన్నారు. నాకు మనసొప్పక, నీ చేత సొట్టలు తీయించుకున్న అలవాటుగా కారు మీ ఇంటికే తోలాను.

మీ ఆవిడ ఫాతిమా లక్క కరిగించి, సొట్ట మీద కొయ్యపిడి అంటించింది. లక్క గట్టిపడ్డాక అచ్చం నీలాగే నెమ్మదిగా లాగింది. రేకు లేచింది, రంగు చెదరలేదు. కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూసుకుంది.

"మావోడి పనితనం బాగా పట్టావమ్మా" అన్నాను.

"లక్క గాజులు చేసే ఇంట్లో పుట్టింది నేను గదన్నా. ఆయనకు నేర్పింది ఎవరనుకున్నావ్?" అంది.

నీ వాకిట్లో నిలబడి నేను పొగిడినప్పుడల్లా నువ్వు వంటింటి వైపు చూసి నవ్వేవాడివి. నా మెప్పు ఎవరికి చేరవేసేవాడివో ఇవాళ తెలిసింది.