ఇంజను మోగుతుండగానే

నల్లపాడు, మంగళవారం

మహిమ నాన్నగారికి, ప్రభువు కాపుదలలో నేనూ చెల్లెలు ఫెబా బాగానే ఉన్నాము. ఫోనులో చెబితే సగం వినకుండానే సరే అంటారని కార్డు రాస్తున్నాను.

మీరు బస్సెక్కాక మేస్త్రి మస్తాన్ మన కారు ఇంజను విప్పాడు. ఇంజనులోకి గాలి నెట్టే టర్బో విరిగి, ముక్కలు లోపల పడి పిస్టన్లు పాడయ్యాయి. "దూరం నడిపి, ఆగీ ఆగగానే ఇంజను ఆపేస్తారామ్మా?" అని అడిగాడు. ప్రార్థన జరిగే ఇంటి ముందు బండి మోగితే మర్యాద కాదు కదా అన్నాను. "దేవుడేమీ అనుకోడమ్మా, టర్బోనే మాడిపోద్ది. అది చల్లారేదాకా ఒక్క నిమిషం ఇంజను ఊరికే తిరగనియ్యాలి" అని నవ్వాడు. షెడ్డు బెంచీ మీద కూర్చుని కూర్చుని నడుము పట్టేసిన నాకు నవ్వు రాలేదు.

వేరే కారులోంచి తీసిన ఇంజనయితే రెండు రోజుల్లో బిగిస్తాడట. మనదే సిలిండర్లు చెక్కించి, అదే బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేయిస్తే మూడు వారాలు. మన సంఘంలోని సుబ్బరావమ్మగారిని ఒంగోలు డయాలసిస్‌కు తీసుకెళ్లేది మన కారే కాబట్టి మీరు మొదటిదే అంటారు. కానీ ఆ ఇంజనును ఎవరు ఎలా నడిపారో మనకు తెలియదు. ఆవిడతో హైవే మీద ఆగిపోతే? మనది ఎందుకు పాడైందో తెలిసింది. దాన్నే బాగుచేయించమని మస్తాన్‌కు ఫోను చేయండి. అందాకా పిచ్చయ్య ఆటో మాట్లాడండి. ఆవిడ నడుముకు దిండు వేయమనండి.

కళ్లంలో మిరపకాయలు ఎత్తారా? ఇక్కడ మబ్బు పట్టింది. నా బీపీ మాత్రలు ఎవరితోనైనా పంపండి. మహిమకు దీవెనలు.

ఇకమీదట ఎవరింటికి వెళ్లినా మొదటి ప్రార్థన కారులోనే, ఇంజను మోగుతుండగానే చేసుకుందాము.

మీ జయకుమారి