సమ్మె రోజుల్లో తీసివేత

సెప్టెంబరు 16, 2011, శుక్రవారం

ఉదయం 9.00. సకల జనుల సమ్మెలో మా బడీ చేరింది. గేటుకు తాళం నేనే వేశాను. కోరుట్లలో లెక్కల గంగారాం అంటే మాట మీద నిలబడే టీచరని పేరు. అందుకే శిబిరంలో మైకు అందుకుని శపథం చేశాను. తెలంగాణ వచ్చేదాకా ఒక్క లెక్క కూడా చెప్పను, బడిలోనే కాదు, ఇంట్లో కూడా! చప్పట్లు. మా సంఘం అధ్యక్షుడు దివాకర్ ఆ మాటను మినిట్స్ పుస్తకంలో రాయించాడు.

సాయంత్రం 6.00. నియమాలు:
1. సుద్దముక్క ముట్టను.
2. ఎవరడిగినా చెప్పను.
3. తప్పు లెక్క కనబడినా చూడనట్టే ఉంటాను.

మూడోది కాస్త కష్టం. ఇరవై రెండేళ్ల అలవాటు. అయినా ఎన్నాళ్లు, పది రోజుల్లో తెలంగాణ వచ్చేస్తుంది.

సెప్టెంబరు 18, ఆదివారం

పక్క వాటాలో ఉండే మంజుల వచ్చింది. భర్త దుబాయిలో. తను అంగన్‌వాడీలో ఆయా. ప్రైవేటుగా పదో తరగతి కడుతోంది. మిగతావన్నీ పాసైంది, లెక్కలు రెండుసార్లు పోయాయి. ఇరవై ఆరున జగిత్యాలలో మళ్లీ పరీక్ష. ఈసారి గట్టెక్కితే అంగన్‌వాడీ టీచర్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. భిన్నాల తీసివేత ఒక్కటి చెప్పమని అడిగింది.

శపథం సంగతి చెప్పి పంపించాను. బాధేసింది. కానీ ఉద్యమం ఉద్యమమే.

మా ఆవిడ సుమిత్ర అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

సెప్టెంబరు 20, మంగళవారం

ఉదయం 7.10. మంజుల తన నోటుపుస్తకం మా గోడ మీద మరిచిపోయింది. తెరిచి మరిచిపోయింది.

5¼ − 2¾ = 3 2/4.

అయిదులోంచి రెండు తీసింది, మూడు. పావులోంచి ముప్పావు పోదు కనుక తిరగేసి ముప్పావులోంచి పావు తీసింది! ఎంత ధైర్యం!

7.25. పెన్సిలుతో పక్కన ఒక్క చుక్క పెట్టాను. చుక్క పెట్టడం చెప్పడం కిందికి రాదు.

7.40. చుక్క అర్థం కాలేదట. బియ్యం తెప్పించి అయిదు గ్లాసులు నిండా పోశాను, ఆరో దాంట్లో పావు. ముప్పావు తియ్యాలంటే నిండు గ్లాసు ఒకటి విడగొట్టాలి. అందులోవి నాలుగు పావులు, ఉన్న పావు కలిస్తే అయిదు. ఇక నిండువి మిగిలింది నాలుగే. మంజుల తీసి చూసుకుని, "రెండున్నర" అంది.

సుద్దముక్క ముట్టలేదు. బియ్యంతో చేసింది వంట పని.

సెప్టెంబరు 23, శుక్రవారం

ఉదయం 9.00. రిలే నిరాహార దీక్షలో ఇవాళ నా వంతు. సిరిసిల్ల నుంచి తెచ్చిన కొత్త కండువా మెడలో వేశారు. మంజుల సంఘీభావం తెలపడానికి వచ్చి పక్కన కూర్చుంది. సంచిలో నోటుపుస్తకం.

11.00. ఆకలి.

12.30. విపరీతమైన ఆకలి. మంజుల ఆ లెక్క కాగితం మీద ఎలా వెయ్యాలో అడిగింది. బ్యానర్ వెనక వైపు తెల్లగా ఉంది. మార్కర్‌తో రాశాను. మార్కర్ సుద్దముక్క కాదు. ఆమె మొత్తం దించుకుంది. పేపరు విలేకరి ఫొటో తీశాడు. ఉద్యమానికి మంచిదే.

సెప్టెంబరు 24, శనివారం

ఉదయం 6.30. జిల్లా పేపర్లో ఫొటో. నేను, మార్కర్, బ్యానర్. 5¼ − 2¾ = 3 2/4.

నిండు ఒకటి విడగొట్టాను సరే, అయిదును నాలుగు చెయ్యడం మరిచాను. తిరిగి తిరిగి మంజుల తప్పు దగ్గరికే వచ్చాను.

8.00. దివాకర్ వచ్చాడు. శపథం గురించే అనుకున్నాను. "లెక్క చెప్పిన్రంటే ఊకుంటం సార్. తప్పు చెప్తే ఎట్ల ఊకుంటం?" అన్నాడు.

8.10. మంజుల తలుపుకు తాళం. బస్సుల్లేవు కదా, తెల్లారకముందే ట్రాక్టరెక్కి జగిత్యాలలో అక్క ఇంటికి పోయిందని సుమిత్ర చెప్పింది. ఆరు రోజుల తర్వాత నాతో మొదటి మాట అదే. మంజుల ఫోన్ స్విచాఫ్. కరెంటు కోతల్లో చార్జింగ్ ఎక్కడిది?

సెప్టెంబరు 25, ఆదివారం

స్విచాఫ్. స్విచాఫ్. నా వల్ల ఆమె మూడోసారి కూడా పోతుంది.

సెప్టెంబరు 26, సోమవారం

ఉదయం 5.30. సైకిల్ మీద బయల్దేరాను. జగిత్యాల ఇరవై నాలుగు కిలోమీటర్లు.

7.00. మేడిపల్లి దగ్గర రాస్తారోకో. అడ్డుకున్నది మా సంఘమే. పావుగంట నినాదాలిచ్చాక వదిలారు.

9.10. పరీక్ష సెంటర్. గేటు ముందు మంజుల. ఆయాసంతో మాట రాలేదు. రెండు వేళ్లు చూపించి, అరచెయ్యి సగానికి కోసినట్టు చూపించాను. ఆమె నన్ను అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ల సీసా ఇచ్చింది.

"ఎర్కే సార్. గది రెండున్నర. బియ్యంల సూసిన గదా."

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు పొద్దుగాల సంది ఉపాసమున్నరు. నలుగుట్ల ఏమని చెప్పాలె?"

నాకు ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్లుగా పిల్లల తప్పులకు అందరి ముందూ ఎర్రసిరా పెడుతున్నాను. బెల్లు కొట్టారు, ఆమె లోపలికి వెళ్లింది. నేను అక్కడే కూర్చున్నాను.

12.40. బయటికొచ్చింది. తీసివేతలు మూడు వచ్చాయట, మూడూ చేసిందట. పాసవుతానన్న నమ్మకం మొదటిసారి కలిగిందట.

సెప్టెంబరు 27, మంగళవారం

ఉదయం 7.00. శపథం మళ్లీ మొదలు. తెలంగాణ వచ్చేదాకా ఒక్క లెక్క కూడా చెప్పను. ఈసారి నియమం ఒక్కటే: తలుపు తియ్యను.

7.20. మంజుల తోటి ఆయాలు నలుగురు వచ్చారు. వాళ్ల పరీక్ష మార్చిలో. తలుపు సుమిత్ర తీసింది.

శపథం రేపటి నుంచి.