గడప బయట మజ్జిగ

కుప్పం,
12 మే 1998

ఓబులేసు గారికి మునెప్ప నమస్కారాలు.

మేం నలుగురం, మా వ్యానూ క్షేమంగా ఇల్లు చేరాం. మదనపల్లెలో మూడు రోజులున్నా మమ్మల్ని మంచినీళ్లు కావాలా అని అడిగినవాడు లేడు. తిరుగుదారిలో బండి మీ పుంగనూరులో, అదీ మీ ఇంటి ముందే పొగలు కక్కడం మా అదృష్టం. మెకానిక్ కోసం మీరు నన్ను వెంటబెట్టుకుని ఊరంతా తిరిగారు. ఆ రెండు గంటలూ మావాళ్లకు మీ అమ్మగారు మజ్జిగ ఇచ్చి ఆదరించారట.

ఒక్కటే వింత. మావాళ్లు లోపల కూర్చున్నా ఆమె గడప దాటి రాలేదట. బయట నిలబడే గ్లాసులు అందించారట. బయల్దేరేటప్పుడు మా ఆవిడ ప్రమీలమ్మ "మా కుప్పానికి రా అవ్వా, పది దినాలుండి పోదువు" అంటే తలూపారట.

ఇట్లు,
మునెప్ప

తా.క. మా ఆవిడ అందరినీ రమ్మంటుంది. ఎవరూ రారని ధైర్యం.

పుంగనూరు,
17 మే 1998

మునెప్ప గారికి,

మా అమ్మ కృష్ణమ్మ చనిపోయి నాలుగేళ్లయింది. మీవాళ్లు చూసింది పక్కింటి అంజమ్మను అయ్యుంటుంది. అడిగితే "ఆ దినం నేను బైరెడ్డిపల్లెలో ఉండానప్పా" అంది. ఆమెకు మతిమరుపు. లేదా మీవాళ్లకు ఎండదెబ్బ. ప్రమీలమ్మ గారికి సబ్జా నీళ్లు ఇవ్వండి.

ఇట్లు,
ఓబులేసు

తా.క. మా ఇంట్లో పాడి లేక కూడా నాలుగేళ్లే. ఆ మజ్జిగ ఎవరింటిదో తెలిస్తే రాయండి.

కుప్పం,
24 మే 1998

ఓబులేసు గారూ,

నమస్కారం పెట్టాలని లేదు, అయినా పెడుతున్నాను. బతికున్న తల్లిని పోయిందని రాయడానికి చెయ్యెట్లా వచ్చిందండీ?

ఆమె నిన్న మధ్యాహ్నం మా ఇంటికొచ్చారు. సంచి లేదు, చెప్పులు లేవు. ఏ బస్సుకు వచ్చారంటే నవ్వారు. వానకు వీధంతా బురదైనా ఇంట్లో ఆమె అడుగు ముద్ర ఒక్కటీ పడలేదు. ఎంత శుభ్రమైన మనిషో! నేరుగా వంటింట్లోకి వెళ్లి కవ్వం పట్టారు. అర లీటరు పెరుగుకు మూడు బిందెల మజ్జిగైంది, ఇంకా చిలుకుతూనే ఉన్నారు. పెట్టిన అన్నం మాత్రం పెట్టినట్టే ఉంది.

"మీ ఇంట్లో గడప తొక్కవేమవ్వా?" అని ప్రమీలమ్మ అడిగితే మొదటిసారి నోరు తెరిచారు.

"పిలిసేదాకా తొక్కద్దన్నాడు మావోడు. పొట్టి ఆవును ఏల అమ్మినావురా అన్నందుకు. ఇంగా పిలవలేదు గదమ్మా."

కన్నతల్లిని అనే మాటేనా అది? వెంటనే వచ్చి పిలుచుకుపోండి.

ఇట్లు,
మునెప్ప

తా.క. మా కుక్క నిన్నటి నుంచి ఎదురింట్లో కాపురముంది.

పుంగనూరు,
28 మే 1998

కుప్పంలో మునెప్ప గారింట్లో ఉన్న అమ్మకు ఓబులేసు దండాలు.

ఆ మాట అన్ననాడు ఇంట్లో ఉన్నది నువ్వూ నేనే. నేనెవరికీ చెప్పలేదు. నువ్వు మామ ఊరు బి.కొత్తకోటకు పోతివి. రేపు పిలుద్దాం, ఎల్లుండి పిలుద్దామని నేను బిగదీసుకున్నా. పద్దెనిమిదో రోజు కబురొచ్చింది. పాడె మోసినాను గానీ అప్పుడు కూడా పిలవడానికి నోరు రాలేదు. నాలుగేళ్లు మన అరుగు మీదే ఉండావా అమ్మా, ఎండకూ వానకూ?

తప్పు చేసినాను. ఇంటికి రామ్మా.

నీ కొడుకు,
ఓబులేసు

తా.క. మునెప్ప గారూ, ఇది ఆమెకు చదివి వినిపించనక్కర్లేదు. కవరింకా అంటించనే లేదు, మా వంటింట్లో కవ్వం చప్పుడవుతోంది. మీ కుక్కను ఇంటికి పిలుచుకోండి.