బాగున్నాయన్నాను

మంగళవారం

ఈ రోజు నూకరాజుకు అబద్ధం చెప్పాను.

ధవళేశ్వరం కాలువలో చేపలు పట్టుకునే మనిషి. నేను అడిగానని పోయిన వారం ఆరు బుల్లి చేపలు క్యాన్‌లో తెచ్చిచ్చాడు. గాజులా లోపలి ముల్లు కూడా కనిపించే చేపలు. "ఈ కాలువ నీళ్ళలోనే ఉంచి, మీ నీళ్ళు గ్లాసు గ్లాసు కలపండి మేడంగారూ, ఒక్కసారే పొయ్యకండి" అని మరీ మరీ చెప్పాడు. ఆఫీసుకు టైమైపోతోందని అన్నిటినీ ఒక్కసారే అక్వేరియంలో ఒంపేశాను. మూడో రోజుకల్లా వాటి ఒంటి మీద ఉప్పు రవ్వల్లా తెల్ల మచ్చలు లేచాయి. ఇంత సున్నితమైన వాటికి మందు సగమే వెయ్యాలని అక్వేరియం షాపతను చెప్పినా, త్వరగా తగ్గాలని మొత్తం వేశాను. ఈ పొద్దున నాలుగు చచ్చి అడుగున పడి ఉన్నాయి. మిగిలిన రెండూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళయితే మార్చాను, ఇంకేం చెయ్యాలో...

మధ్యాహ్నం ఆఫీసు గేటు దగ్గర నూకరాజు ఎదురయ్యాడు. "చేపలెలా ఉన్నాయండి?"

"బాగున్నాయి" అన్నాను. ఎందుకలా అన్నానో!

అతని ముఖం వెలిగిపోయింది. "మా ఆవిడకి చెప్తానండి. వల గీసుకుంటే బతకవని, గంటసేపు నీళ్ళల్లో నిలబడి దోసిట్లో పట్టిందండి. రోజూ అడుగుతోంది."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. తలూపి లోపలికి వచ్చేశాను.

రేపు చెప్పాలి. చెప్పగలనో లేదో. ఈపాటికి ఇంటికెళ్ళి, అన్నీ బాగున్నాయట అని ఆమెకు చెప్పేసే ఉంటాడు.