పద్మజ జాబ్ పోయిన సంగతి

చిక్కడపల్లి, హైదరాబాదు
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి భాస్కరానికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నీ బిడ్డ పద్మజా బాగానే ఉన్నాము. నీ దగ్గు తగ్గిందా, కోడలు మోకాలి నొప్పికి మందు వాడుతున్నదా, చిన్నవాడు రోజూ లెక్కలు చేస్తున్నాడా, మూడింటికీ విడివిడిగా జవాబు రాయి. పోయినసారి "అందరం క్షేమం" అని ఒక్క మాటతో తేల్చావు. అది జవాబు కాదు.

ఈ ఉత్తరం నీవు చివరిదాకా చదివాకే కోడలికి వినిపించు. మధ్యలో ఒకచోట ఆమె తప్పకుండా భయపడుతుంది.

మేము బయలుదేరే రోజు నీవన్న మాట నాకు గుర్తుంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు పద్మజనే అడుగుదాము, హైదరాబాదులో ఉంటానంటే ఇంజనీరింగు, లేదంటే వనపర్తిలోనే డిగ్రీ, ప్రిన్సిపాలు అప్పటిదాకా సీటు ఆపుతానన్నాడు అన్నావు. ఆ సంగతి తేల్చడానికే ఈ ఉత్తరం.

ముందు ఇంటి విషయాలు. గది బాగుంది, గాలి వస్తుంది. నల్లా రోజు విడిచి రోజు తెల్లవారక ముందే వస్తుంది, నాకు ఆ వేళకు మెలకువే కనుక ఇబ్బంది లేదు. వానలు పడితే మాత్రం క్రాస్‌రోడ్స్ దగ్గర నీళ్లు నిలిచి బస్సులు కదలవు. నారాయణగూడ మార్కెట్టులో కూరగాయలు తాజాగా ఉంటాయి, తూకం మీద కన్ను వేసి ఉంచాలి, అంతే. పగలంతా మాట్లాడేవారు లేరు. రేడియో ఉంది కాని, అది చెప్పేదే గాని నేను చెప్పేది వినదు.

పద్మజ పొద్దున డ్రాయింగు కాగితాలు చుట్టిన పొడవాటి గొట్టం భుజాన వేసుకొని విద్యానగర్ బస్సు ఎక్కుతుంది. కండక్టరు రోజూ "అక్కా, నీ తుపాకి జర పైకి పట్టు" అంటాడట. మొదట్లో ఆ మాటకు నవ్వేది కాదు. మన పిల్ల తెలుగులో చదివింది, ఇక్కడ పాఠమంతా ఇంగ్లీషే. పక్కన కూర్చునే సునీత అనే అశోక్‌నగర్ పిల్ల ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుందట. అన్నం ముందు కూర్చుంటే చాలు, సునీతకు అన్నీ వచ్చు, నాకేమీ రాదు అని ఒకటే మాట. తిండి సగమైంది.

ఇక అసలు సంగతి. ఒక సాయంత్రం వర్క్‌షాపు క్లాసు నుంచి వచ్చి, ఖాకీ కోటు కూడా విప్పకుండా గడప మీద కూలబడింది. "నాయనమ్మా, నా జాబ్ పోయింది" అన్నది.

నేను మెట్రిక్ చదివినదాన్ని, జాబ్ అంటే ఉద్యోగమని తెలుసు. తెలియకపోతేనే బాగుండేది. పైగా ఈ సందుల నిండా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే, టీకొట్టు పక్క నుంచి నడిస్తే జాబ్ అన్న మాట తప్ప మరొకటి వినిపించదు. ఈ పిల్ల మనకు చెప్పకుండా ఎక్కడో పనికి కుదిరిందనుకున్నాను.

"ఎప్పటి సంది చేస్తున్నవ్?" అని అడిగాను.

"మూడు వారాల సంది."

"ఎవరి దగ్గర?"

"ఫిట్టింగ్ సార్ దగ్గర."

"మీ నాన్నకెందుకు చెప్పలె?"

"పూర్తయినంక చెబుదామనుకున్న."

"మరి ఎందుకు తీసేసిండ్రు?"

"ఎవరు తీసెయ్యలె నాయనమ్మా. నేనే తీసిన. జర ఎక్కువ తీసిన."

భాస్కరం, సొమ్ము తీసిందనుకున్నాను. ఒకరి సొమ్ము ముట్టినవాళ్లు మన ఇంట్లో లేరు. గొంతు తగ్గించి అడిగాను, "ఎంత తీసినవ్?"

"అర మిల్లీమీటర్."

అర మిల్లీమీటరు సొమ్మును ఎవరైనా ఎట్లా కాజేస్తారో నాకు అర్థం కాలేదు. అప్పుడు సంచిలోంచి రెండు ఇనుప ముక్కలు తీసి చూపింది. ఒకదాని కొన రెండోదాని గాడిలో సరిగ్గా కూర్చునేటట్టు ఆకురాయితో అరగదీయాలట. వర్క్‌షాపులో ఆ ముక్కలనే జాబ్ అంటారట. ఈమె కొన ఎక్కువ అరగదీసింది, గాడిలో వదులైంది. కూరలో ఎక్కువైన ఉప్పు లాగే, అరిగిన ఇనుము కూడా ఇక మన చేతిలో లేదు.

నాకు నవ్వాగలేదు. పిల్ల మాత్రం ఏడ్చింది. "అందరివి కుదురుతయి, నాదొక్కటే కుదరది. నేను ఊరికి పోత. డిగ్రీల చేరుత" అన్నది. అరచేతులు చూశాను, బొబ్బలు. కొబ్బరినూనె రాశాను. ఇంకో ముక్క కొనుక్కొచ్చి మళ్లీ చేయమని సారు చెప్పాడట. ఆ పని ముగించి పొమ్మన్నాను, సగంలో వదిలి కాదు.

మరునాడు ఇద్దరం నారాయణగూడలో ఒక ఇనుము దుకాణానికి వెళ్లాము. మేము నోరు తెరవకముందే దుకాణదారు బల్ల కింద చేయి పెట్టి, "ఫస్ట్ ఇయరా బిడ్డా?" అన్నాడు. నీకెట్లా తెలుసునని అడిగాను.

"అమ్మా, మొదటి ముక్క కాలేజోళ్లు ఇస్తరు. రెండో దానికి అందరు నా దగ్గరికే వస్తరు. గందుకే ముందుగాల్నే కోసి పెట్టిన" అన్నాడు. బల్ల కింద అటువంటి ముక్కలు కుప్పగా ఉన్నాయి.

అంతలో మా వెనక నుంచి ఎవరో, అంకుల్, నాకూ ఒకటి అన్నారు. పద్మజ తిరిగి చూసి అట్లాగే నిలబడిపోయింది. ఆ వచ్చినది సునీత.

"నీది గూడ పోయిందా?" అని అడిగింది మన పిల్ల.

"ఇది మూడోది. ఎవ్వరికి చెప్పకు" అన్నది సునీత.

ఇక ఇద్దరూ దుకాణం ముందే నవ్వడం మొదలుపెట్టారు. వాన చినుకులు పడుతున్నా వాళ్లకు పట్టలేదు, చివరికి దుకాణదారే లోపలికి జరగమన్నాడు. ఇప్పుడు సునీత సాయంత్రాలు మా గదికి వస్తున్నది. ఆ పిల్లకు ఇంగ్లీషు వచ్చు, లెక్కలు రావు. మన పిల్ల సంగతి నీకు తెలిసిందే. ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. జొన్నరొట్టె కూడా మొహమాటం లేకుండా తింటుంది, కనుక ఈసారి పిండి ఎక్కువ పంపు. ఇక్కడి మిల్లు పిండితో రొట్టె విరిగిపోతున్నది.

మొన్న శుక్రవారం పద్మజ రెండో జాబ్ పూర్తి చేసింది. నాకు చూపిస్తానని సారును అడిగి ఒక్క పూటకు ఇంటికి తెచ్చింది. రెండు ముక్కలూ కలిపి కిటికీ దగ్గర ఎత్తి పట్టి చూడమన్నది. సందులోంచి వెలుతురు రాకూడదట. కళ్లజోడు తుడుచుకొని చూశాను. ఒక మూల సన్నగా గీత కనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"సార్ గూడ చూసిండు. అయినా పాసే" అన్నది, ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా.

దసరాకు మీ నాన్న అడుగుతాడు, ఏం చెబుతావు అని అప్పుడే అడిగాను. ఆమె ముక్కలకు నూనె గుడ్డ చుడుతూ, "వచ్చే నెల కార్పెంటరీ నాయనమ్మా. చెక్క ఇంక జల్ది పోతదంట. సెలవులల్ల చెయ్యి అలవాటు చేసుకోవాలె. మన కొట్టంల పాత తలుపు చెక్కలున్నయా?" అన్నది.

ఉంటాననీ అనలేదు, పోతాననీ అనలేదు. నాకు జవాబు అందింది. ప్రిన్సిపాలు గారికి నా నమస్కారాలు చెప్పి, ఆ సీటు ఇంకో పిల్లకు ఇవ్వమను.

మీ పెదనాన్నకు నా దండాలు చెప్పు, పద్మజను దీవించమని ప్రత్యేకంగా అడుగు. కోడలికీ చిన్నవాడికీ ఆశీస్సులు. మా గురించి బెంగ వద్దు, బాగున్నామని మళ్లీ రాస్తున్నాను. ఇప్పుడు కోడలిని పిలిచి అంతా వినిపించు. వినిపించాక, ఆ తలుపు చెక్కలు పొయ్యిలో పెట్టవద్దని గట్టిగా చెప్పు.

నీ మేలు కోరే
అమ్మ సుభద్ర