ఎడమ కాలి సాక్సు

ఏవండీ, నైట్ షిఫ్ట్ చేసి ఇప్పుడే పడుకున్నారని లేపలేదు. చందానగర్‌లో షుగర్ డాక్టరు గారి దగ్గర టోకెను తీసుకోవడానికి నేను ముందు వెళ్తున్నాను. లేవగానే ఆటోలో వచ్చేయండి. బూట్లు మాత్రం వేసుకోవద్దు. ఇంట్లో కూడా చెప్పులతోనే నడవండి, దేవుడి గది ముందైనా సరే.

చెమట కంపని రోజూ మీ బూట్లు గుమ్మం బయట పెట్టించి సాధించాను. ఇవాళ సాక్సులు ఉతకబోతే కంపు ఎడమదానికే ఉంది, మడమ దగ్గర చీము మరక. అయ్యప్ప మాలలో ఒట్టి కాళ్ళతో తిరిగినప్పుడు గాజుపెంకు గుచ్చుకున్న చోటు మానలేదండీ, పుండయింది.

ఉమ

నొప్పే లేదు, ఎందుకీ హడావిడి అనకండి. నిద్రలో మీ మోకాలి మీద దోమ వాలితే చటుక్కున కొట్టుకున్నారు. ఆ పుండు మీద మాత్రం వేలితో గట్టిగా నొక్కి చూశాను. మీరు కదలనే లేదు.