మోకాళ్ల మాత్ర

కోడలమ్మాయికి,

పక్కింటావిడ ఇచ్చిన మోకాళ్ల నొప్పి మాత్ర నా చేతిలోంచి లాక్కున్నావని అలిగి నీ ఆడపడుచు ఇంటికి వచ్చేశాను కదా. పంతం కొద్దీ, ఇంట్లో వేసుకోనివ్వలేదంటూ ఇక్కడి డాక్టరుకు ఆ మాత్ర పేరే చెప్పి రాయమన్నాను.

"అందులో రెండు మందులు కలిపి ఉంటాయమ్మా. ఒకటి మీరు జ్వరానికి వేసుకుంటున్నదే, మోతాదు మించిపోయేది. రెండోదానికి మీ కడుపులో పాత పుండు రేగి రక్తం పడేది. ఆపినవాళ్లెవరో గానీ, గండం తప్పించారు" అన్నాడు.

నీ ఆడపడుచు నా ముఖం చూసి నవ్వింది. నేను నవ్వలేదు.

ఆయన రాసిన పూతమందుతో నొప్పి తగ్గింది, కంటినిండా నిద్ర పడుతోంది. పక్కింటావిడను కూడా డాక్టరును అడిగే వేసుకోమను.

నన్ను తీసుకెళ్లడానికి అబ్బాయిని పంపకు. వాడికి దారిపొడుగునా ఫోనే. నువ్వే రా.

మీ అత్త